నీటి ఒడ్డున నిప్పు

ఫాల్గుణమాసము వచ్చునప్పటికి గోదావరీతీరమందలి మోదుగుచెట్లు ఆకు రాల్చి, కొమ్మకొమ్మకును ఎర్రని పూవులు తాల్చును. దూరమునుండి చూచువారికి అడవి అంటుకొన్నదా యను భ్రాంతి కలుగును. దగ్గరకు పోయి చూచినచో అక్కడ మంటయు లేదు, పొగయు లేదు; పూదేనె కొరకు వచ్చిన పిట్టలు మాత్రమే కిలకిలలాడుచుండును. కాని ఆ పూవులు రాలి నేలబడకమునుపే ఆ అడవులలో నిజమైన నిప్పు పుట్టు కాలము కూడ వచ్చును. పూవుల మంట కన్నులకు పండువ. ఆకుల మంట అడవికి గండము.

బాసర సరస్వతీదేవి కొలువైన పుణ్యక్షేత్రము. పసిపిల్లలచేత తొలి అక్షరము దిద్దించుటకు తల్లిదండ్రులు దూరదేశములనుండి ఇచటికి వత్తురు. నాసికకు సమీపమున త్ర్యంబకమున పుట్టిన గోదావరి, కందకుర్తివద్ద మంజీరను తనలో కలుపుకొని, బాసర రేవును తాకుచు తూర్పునకు సాగిపోవును. దిగువను పోచంపాడువద్ద శ్రీరామసాగరమున్నది. ఆ ప్రాజెక్టునకు 1963వ సంవత్సరమున జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసెను. ఆనకట్ట నిండిన దినములలో జలాశయపు నీరు వెనుకకు ప్రాకి బాసర దాపునకు వచ్చును. ఎండకాలమున నీరు తగ్గి, ఇసుకతిన్నెలును, గడ్డి మొలచి ఎండిన మెరకలును బయటపడును. ఉత్తరమున నిర్మల్ గుట్టలు నీలముగా కనబడుచుండును. వాని కావల పూర్వపు ఆదిలాబాదు జిల్లాలోని టేకు అడవులు వ్యాపించియున్నవి. 2016వ సంవత్సరమున జిల్లాలను విభజించినప్పటినుండి బాసర నిర్మల్ జిల్లాలో చేరినది.

ఇట్టి కాలమున, ఇట్టి తావున, ఒక తాతయు మనుమడును నాటుపడవపై ప్రయాణము చేయుచున్నట్లు ఊహింపవచ్చును. తాత బెస్తవాడు. అతనికి డెబ్బది యేండ్లు. అందు అరువది యేండ్లు నీటిపైననే గడచినవి. మనుమడు ఎనిమిదవ తరగతి చదువుచున్నాడు. దిగువనున్న పల్లెలో చుట్టములను చూచి, వారిరువురును బాసరకు తిరిగి వచ్చుచున్నారు. మరునాటి ఉదయము పదిగంటలకు బాలుని చెల్లెలికి అమ్మవారి సన్నిధిలో అక్షరాభ్యాసము. అన్నయ్య వచ్చి పక్కన కూర్చుండవలెనని ఆ పాప పట్టుబట్టినది.

ప్రొద్దు క్రుంకువేళ వారు పడవను ఒడ్డున నిలిపిరి. నీటి నడుమనున్న ఇసుకతిన్నెపై గాలి విసరుగా వీచుచుండెను, పొయ్యి నిలువలేదు. అందుచేత బాలుడు ఒడ్డునకు పోయి, ఒక తుమ్మచెట్టు చాటున మూడు రాళ్లు పెట్టి అన్నము వండెను. భోజనమైన పిమ్మట తాత పక్కబట్టలను మరల ఇసుకతిన్నెమీదకే చేర్చెను. చెట్టు క్రింద మెత్తని గడ్డి ఉండగా ఇసుకలో పరుండనేల యని బాలుడు విసుగుకొనెను. తాత నవ్వి, “గడ్డి మెత్తగా ఉండును గాని, బిడ్డా, అది మండును. ఇసుక మండదు” అని మాత్రము పలికెను.

తెల్లవారుజామున పడవ నీటిలోనికి దిగెను. “పొయ్యి ఆర్పితివా, బిడ్డా?” అని తాత అడిగెను. “ఆర్పినాను, తాతా” అని బాలుడు బదులిచ్చెను. అరగంట గడచెను. ప్రొద్దు పొడిచి, దూరపు గుట్టపై సన్నని పొగ చాలుగా లేచుచుండుట కనబడెను. దానిని చూచి తాత తెడ్డు ఆపెను. “రాత్రి ఎవడో నిప్పు విడిచిపెట్టి పోయినాడు. వాడు ఈపాటికి ఇల్లు చేరి సుఖముగా నిద్రపోవుచుండును. అడవి మాత్రము మేలుకొనియున్నది” అనెను. బాలుని మోము వాడెను. కొంతసేపు నీటివంక చూచి, మెల్లగా, “తాతా, పొయ్యిమీద నేను నీళ్లు పోయలేదు. ఇసుక కప్పి వచ్చినాను. మంట కనబడలేదు, అందుకే ఆర్పినానని చెప్పినాను” అనెను.

తాత కోపగించలేదు, మారుమాట పలుకలేదు. ఎదురుగా బాసర రైలువంతెన మసకగా కనబడుచున్నది. ఆకాశమున ప్రొద్దు పైకెక్కుచున్నది. అతడు తెడ్డును నీట నిలిపి పడవ ముఖమును వెనుకకు త్రిప్పెను.

గుప్పెడు బొగ్గులకై అంతదూరము వెనుదిరుగుట చాదస్తమని కొందరికి తోచవచ్చును. అడవి మండు తీరు తెలిసినవారికి అట్లు తోచదు.

ఏ నిప్పైనను బ్రతుకుటకు మూడు కావలెను: మండు వస్తువు, గాలి, వేడి. ఈ మూటిలో ఒకటి తొలగినచో నిప్పు చచ్చును. టేకు, మద్ది, తునికి, మోదుగు మున్నగు చెట్లు ఎండకాలమున ఆకు రాల్చి నీటిని పొదుపు చేసికొనును. టేకు ఆకు మిక్కిలి పెద్దది. ఎండినపుడు అప్పడమువలె పెళపెళలాడును. మాఘమునుండి వైశాఖమువరకు ఈ ఆకులు నేలపై పొరలుపొరలుగా పడియుండును. గడ్డియు ఎండును, వెదురుపొదలును ఎండును. ఆ సమయమున అడవి నేల యంతయు పరచియుంచిన వంటచెరకు వంటిది. మంట సాధారణముగా చెట్ల కొనలకు ఎక్కక, ఈ ఆకులపైననే ప్రాకుచు పోవును. పెద్దచెట్టు బెరడు కాలినను బ్రతుకును గాని, నిన్న మొలచిన మొక్క బ్రతుకదు. నేలపై గూడు కట్టిన నెమలి గ్రుడ్లు బ్రతుకవు. మెల్లగా నడచు తాబేలు తప్పించుకొనలేదు. ఆకుపొర కాలిపోయిన తరువాత వాన కురిసినచో అడ్డులేని మన్ను కొట్టుకొనివచ్చి వాగులలో చేరును. వాగులనుండి నదిలో చేరును. తుదకు జలాశయపు అడుగున మేటవేయును. కావున గుట్టపై కాలిన అడవి నీటిపై బ్రతుకువానికి కూడ నష్టమే.

మన అడవులలో పిడుగువలన పుట్టు నిప్పు అరుదు. మనుష్యుని చేతివలన పుట్టునదే అధికము. రాలిన ఇప్పపూలు తెల్లగా కనబడుటకు చెట్టుక్రింది ఆకులను కాల్చుదురు. తునికికి లేతచిగురు రావలెనని పొదలకు నిప్పు పెట్టుదురు. పశువులకు పచ్చగడ్డి మొలచునని ఎండుగడ్డిని అంటింతురు. చేనిలోని కొయ్యకాలు కాల్చగా ఆ మంట గట్టు దాటి అడవిలో దూరును. ఒకడు బీడీముక్కను పారవైచి పోవును. వేరొకడు పొయ్యి ఆర్పక పోవును. వీరిలో ఎవరికిని అడవిని కాల్చవలెనను తలంపు ఉండదు. నిప్పునకు మాత్రము మనుష్యుని తలంపుతో పనిలేదు.

ప్రభుత్వమువారు దీనికి తగిన యేర్పాట్లు చేయుచునే యున్నారు. వేసవికి ముందే అటవీశాఖవారు దారుల వెంబడి ఆకులను ఊడ్చి, మంట దాటలేని బయలుగీతలను ఏర్పరచుదురు. వీనిని ఫైర్‌లైన్లందురు. ఊరివారినే కావలిగా నియమింతురు. ఆకాశమున తిరుగు ఉపగ్రహములు నేలపై హెచ్చు వేడిమి కనబడిన తావులను పసిగట్టగా, డెహ్రాడూనులోని భారత అటవీ సర్వేక్షణ సంస్థ ఆ వార్తను స్థానికోద్యోగులకు సెల్‌ఫోనులలో అందజేయును. 2012లో పులుల రక్షితప్రాంతముగా ప్రకటింపబడిన కవ్వాల అడవికి కూడ ఇట్టి కావలియున్నది. అభయారణ్యములో నిప్పుపెట్టుటను 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము నిషేధించుచున్నది. కాని ఉపగ్రహము పొగను చూపగలదు గాని, పొయ్యిలో నీరు పోయలేదు. ఆ పని పొయ్యి రాజేసినవానిదే.

పడవపై అడవిదారిన పోవువాడు, చుట్టును నీరున్నది గదా, నాకేమి భయమని అనుకొనును. ఇది పెద్ద పొరపాటు. నీరు నిజముగా రక్షించునదే. కాని నిప్పుకంటె ముందుగా నీటిని చేరినవానినే అది రక్షించును.

దీనికి అమెరికా దేశమున 1949వ సంవత్సరము ఆగస్టు 5వ తేదీన జరిగిన ఘోరమే తార్కాణము. మొంటానా రాష్ట్రమున మిస్సోరీ నదియొడ్డున మాన్ గల్చ్ అను కొండలోయలో నిప్పు పుట్టెను. దానిని ఆర్పుటకు విమానమునుండి గొడుగుల సాయమున దూకిన యువకులు, క్రిందినున్న నదివైపు దిగుచుండిరి. నది దాపుననే యున్నది. నది చేరినచో తమకు భయములేదని వారి నమ్మకము. కాని గాలికి ఎగిరిన నిప్పురవ్వలు లోయ ముఖమున పడి, నదికిని వారికిని నడుమ మంట లేచెను. వారు వెనుదిరిగి ఎండుగడ్డి నిండిన ఏటవాలుపై ఎగువకు పరుగెత్తిరి. మంట వారికంటె వేగముగా పరుగెత్తెను. వారి నాయకుడు వాగ్నర్ డాడ్జ్ అగ్గిపుల్ల గీచి తన యెదుటి గడ్డిని తానే కాల్చి, ఆ కాలిన నేలపై బోరగిల పరుండెను. పెద్దమంట వచ్చి, అక్కడ కాలుటకు ఏమియు లేకపోగా, అతనిని విడిచి ఇరుపక్కలనుండి పోయెను. తన వెంట రమ్మని అతడు పిలిచినను, ఆ గందరగోళమున ఎవరికిని ఆ ఉపాయము బోధపడలేదు. మరి యిద్దరు మాత్రము శిఖరము దాటి రాళ్లగుట్టను చేరి బ్రతికిరి. పదుముగ్గురు మరణించిరి.

ఈ కథలో రెండు పాఠములున్నవి. మొదటిది: మంట ఎగువకు మిక్కిలి వేగముగా పోవును. జ్వాల స్వభావముచేతనే పైకి లేచును గనుక, ఏటవాలున పైనున్న గడ్డిని ముందే వేడిచేసి ఎండించును. తాకగానే అది భగ్గుమనును. కావున మంటకు పైభాగమున ఉండరాదు. దానికి ముందుగా కొండనెక్కి పారిపోవ జూడరాదు. ఇరుకైన లోయలు పొగగొట్టములవలె మంటను పీల్చుకొనును, వానిలో దాగరాదు. రెండవది: ఒకసారి కాలిన నేల మరల కాలదు. నల్లగా బూడిదయై, వేడి తగ్గిన నేల, దున్నిన చేను, రాతిబయలు, వెడల్పైన ఇసుకతిన్నె—ఇవియే ఆపత్కాలమున ఆశ్రయములు. మాన్ గల్చ్ నాయకుడు నిప్పుపెట్టి ప్రాణము కాచుకొన్నాడని అనుభవములేనివారు అట్లు చేయబూనరాదు. అది వేరొక మంటకు కారణము కావచ్చును. ముందుగానే ఇసుకపైన ఉన్నవానికి ఆ సాహసముతో పనియే యుండదు. పక్కబట్టలను ఇసుకతిన్నెకు చేర్చిన బాసర తాత యెరుక ఇట్టిదే.

ఇట్టి ఆపద మనదేశమునకు క్రొత్త కాదు. తమిళనాడులోని తేని జిల్లాయందు, కురంగణి కొండలలో, 2018వ సంవత్సరము మార్చి 11వ తేదీన విహారమునకై నడచిపోయిన వారిని కార్చిచ్చు చుట్టుముట్టెను. ఎండిన గడ్డికొండపై ఎటు పోవలెనో తోచక చెదరిపోయినవారిలో ఇరువదిమందికి పైగా ప్రాణములు కోల్పోయిరి. వారు వేడుకకు పోయినవారే. ఆపదను కోరి పోయినవారు కారు. మార్చినెలలో కొండగడ్డి ఎట్లుండునో ముందుగా విచారించుట ఎంత అవసరమో ఈ విషాదము తెలుపుచున్నది.

కావున నీటిదారిన అడవిలోనికి పోవువారు బయలుదేరకముందే కొన్ని సంగతులు తెలిసికొనవలెను. ఆ ప్రాంతమున ప్రవేశమునకు అనుమతి యున్నదా, సమీపమున ఎక్కడనైన మంటలు లేచినవా యని అటవీ ఉద్యోగులను అడుగవలెను. తాము పోవు దారియు, తిరిగి వచ్చు దినమును ఇంటివారికి చెప్పవలెను. నూలుబట్టలు ధరింపవలెను; నైలాను మున్నగు బట్టలు వేడికి కరగి ఒడలికి అంటుకొనును. ఒక బక్కెట్టు ఎల్లప్పుడును పడవలో ఉండవలెను. రాత్రి బస చేయునపుడు పడవను ఒడ్డుపై దూరముగా లాగిపెట్టక, నీటి అంచుననే కట్టి, తెడ్లను అందులోనే ఉంచవలెను. చీకటిలో తెడ్డు వెదకుకొనువాని కొరకు మంట ఆగదు. దారిలో కనబడు వెడల్పైన మడుగులను, తిన్నెలను, ఊళ్లను గుర్తు పెట్టుకొనుచు పోవలెను. అయితే ఇసుకతిన్నె కూడ అన్నిచోట్ల నిర్భయమైనది కాదు. ఆనకట్టల దిగువను గేట్లెత్తినపుడు నీరు ఒక్కుమ్మడి పెరుగును. నిప్పునకు వెరచి నీటి పాలగుట వివేకము కాదు గదా! అచట బస చేయదలచువారు నీటి విడుదలను గూర్చియు విచారింపవలెను.

పొగ కనబడినపుడు దానిని చదువుటయు నేర్చుకొనవలెను. పొగ ఏవైపునకు వాలుచున్నదో మంటయు సాధారణముగా ఆవైపునకే నడచును. పలుచని తెల్లపొగ మెల్లగా లేచినచో మంట మందముగానున్నదని ఊహింపవచ్చును. నల్లని చిక్కని పొగ సుడులు తిరుగుచు ఎత్తునకు లేచినచో మంట ఉగ్రముగానున్నదని గ్రహింపవలెను. పడవపై బూడిదయు కాలిన ఆకులును రాలుచున్నచో నిప్పురవ్వలు కూడ అంతదూరము రాగలవని అర్థము. మిట్టమధ్యాహ్నము మొదలు సాయంకాలమువరకు ఎండయు గాలియు హెచ్చుగా నుండుటచే మంట విజృంభించును. తెల్లవారుజామున మంచుచెమ్మకు మందగించును. అయితే ఉదయము మందముగా కనబడినదానిని చూచి మోసపోరాదు. దూరముననున్నపుడే దారి మార్చుకొని, గాలి వచ్చు వైపునకు, లేదా మంటకు పక్కవాటుగా తొలగిపోవలెను. 112కు గాని, అగ్నిమాపక దళమువారి 101కి గాని ఫోనుచేసి తెలుపవలెను. ఇంకను దగ్గరకు రానిమ్ము, అప్పుడు చూతమనుట ప్రమాదమునకు మొదటి మెట్టు.

అట్లు తొలగుటకు వీలులేనపుడు ఏమి చేయవలెను? దీనికి 2011వ సంవత్సరమున అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రమున జరిగిన సంగతి ఉదాహరణము. అచట అనేకములైన చెరువులతో నిండిన బౌండరీ వాటర్స్ అను అడవి కలదు. జనులు చిన్నచిన్న పడవలలో ఒక చెరువునుండి వేరొక చెరువునకు పోవుచు దినములకొలది అందు విహరింతురు. ఆ యేడు ఆగస్టు 18న పిడుగుపడి పగామి క్రీక్ వద్ద నిప్పు పుట్టెను. వారములకొలది అది మందముగానే కాలుచుండెను. సెప్టెంబరు 12న పెనుగాలి లేచి, ఆ మంట ఒక్కనాటనే పదిమైళ్లకు మించి పరుగెత్తెను. అడవిలో పడవలపైనున్న వారిని హెచ్చరించి తరలించుటకు వెళ్లిన అటవీ ఉద్యోగులు కొందరు తామే పొగలో చిక్కుకొనిరి. వారిలో కొందరు వేడిని త్రిప్పికొట్టు రేకుగుడారములను కప్పుకొని, నీటిలో దిగియు ప్రాణము కాపాడుకొనిరి. విహారమునకు వచ్చిన ఒక జంట నీటి నడుమ తమ పడవనే అడ్డుగా జేసికొని గండము గడచిరి. ఎవరును మరణింపలేదు. మంట రాకముందే జనులను తరలింపబూనుటయు, చిక్కినవారు నీటిలోనికి చేరుటయు వారిని కాపాడినవి.

దానికి నూట నలువది యేండ్లముందు, 1871వ సంవత్సరము అక్టోబరు 8వ తేదీ రాత్రి, అమెరికాలోని పెష్టిగో అను ఊరు కార్చిచ్చునకు ఆహుతి యయ్యెను. ఆ ప్రాంతమున వేయిమందికి పైగా మరణించిరి. నదిలో దిగినవారు గంటలకొలది మెడలోతు నీటిలో నిలిచి, తలలపై నీరు చల్లుకొనుచు బ్రతికిరి. అయితే నదిలో దిగినవారందరును బ్రతుకలేదు. మునిగిపోయినవారును, చలికి బిగుసుకొనిపోయినవారును కలరు.

కావున నీటిని శరణు జొచ్చువారు దానికిని కొన్ని నియమములున్నవని ఎరుగవలెను. ఒడ్డున చెట్లనీడ క్రిందికి పోక, నీరు వెడల్పుగానున్న చోటికి, మంటకు దూరపు అంచునకు చేరవలెను. సన్నని వాగు చాలదు. నిప్పురవ్వలు దానిని దాటి ఆవలి యొడ్డును అంటించును. ఈత వచ్చినవాడైనను లైఫ్‌జాకెట్టును విప్పరాదు. పొగ క్రమ్మినపుడు గాలి నీటిమట్టమునకు దగ్గరగా కొంత తేటగానుండును గనుక తల వంచియుంచవలెను. తోడివారు చెదరిపోక ఒకచోటనే యుండవలెను. మూటలు, గుడారములు పోయినను చింతింపరాదు. మన జలాశయములలో అడుగున ఊబియు, వలలును ఉండును. మంచిర్యాల ప్రాంతమున గోదావరియొడ్డునున్న శివారము అభయారణ్యమునందు మొసళ్లు కలవు. కనుక నీటిలో దిగుటకంటె పడవపైన నీటి నడుమ నిలుచుటయే మేలు. నీటిలో దిగుట తుది యుపాయము.

ఈ యుపాయములన్నియు నిప్పు పుట్టిన తరువాతివి. వీనియన్నిటికంటె పెద్దదగు ఉపాయమొకటి యున్నది. అది బక్కెట్టెడు నీరు.

తాతయు మనుమడును ఎక్కిన పడవ మరల ఆ ఒడ్డునకు చేరునప్పటికి ప్రొద్దు బారెడు పైకెక్కెను, గాలియు లేచెను. బాలుడు ఆతురతతో దూకి తుమ్మచెట్టు చాటునకు పరుగెత్తెను. చూచుటకు అక్కడ ఏమియు లేదు. మూడు రాళ్లు, నడుమ ఇసుకకుప్ప, అంతే. మంట లేదు, పొగ లేదు. అతనికి ప్రాణము లేచివచ్చెను. “చూడుము తాతా, ఆరిపోయినది! ఊరకనే వచ్చితిమి” అనెను.

తాత మెల్లగా వచ్చి, ఒక పుల్లతో ఆ ఇసుకను కదల్చెను. అడుగున బొగ్గులు కెంపులవలె ఎర్రగా వెలుగుచున్నవి. గాలి సోకగానే అవి మరింత ప్రకాశించెను. అంతేకాదు: పొయ్యి రాతిక్రిందుగా పోయిన ఒక ఎండువేరు లోలోన రాజుకొని, జానెడు దూరము కాలియుండెను. దాని కొన ఎదుటనే ఎండుగడ్డి దుబ్బు. ఇసుక మంటను కప్పెను గాని నిప్పును చంపలేదు. కంబళివలె దాని వేడిని కాచియుంచెను.

బాలుడు మాటలాడలేదు. బక్కెట్టు తీసికొని నీటికి పరుగెత్తెను. నీరు పోసెను, సుయ్యుమని ఆవిరి లేచెను. తాత పుల్లతో కలియబెట్టెను. బాలుడు మరల నీరు తెచ్చెను, మరల కలియబెట్టిరి. వేరును త్రవ్వి బయటికి లాగి దానిపైనను నీరు పోసిరి. రాళ్లను దొర్లించి వాని క్రిందను తడిపిరి. తుదకు చప్పుడును ఆవిరియు అణగిన పిమ్మట తాత, “చేయి వెనుకవైపు దగ్గరగా పెట్టి చూడుము, బిడ్డా. వేడి తగులకున్నచో అప్పుడు తాకుము” అనెను. బాలుడు అట్లే చేసెను. తడి బూడిద నదివలెనే చల్లగానుండెను.

“ఇప్పుడు ఆర్పితివి” అని తాత పలికెను.

వారు బాసర చేరునప్పటికి పదిగంటలు దాటి చాలసేపయ్యెను. ముహూర్తము గడచిపోయెను. అక్షరాభ్యాసము ముగించుకొని, పలక చేతబట్టుకొని, చెల్లెలు రేవు మెట్లమీద కూర్చుండియుండెను. ఆమె కన్నులలో నీరు నిండియుండెను. “అన్నా, నీవు రాలేదు” అని మాత్రమే అనెను. ఇంటివారు ఆలస్యమునకు కారణమడిగిరి. తాత నోరు విప్పలేదు. ఆ చెప్పవలసినవాడు వేరొకడున్నాడని అతనికి తెలియును. బాలుడు ముందునకు వచ్చి, “పొయ్యి ఆర్పకనే ఆర్పినానని తాతతో చెప్పినాను. దానిని ఆర్పుటకు వెనుకకు పోయితిమి. తప్పు నాది” అని జరిగినదంతయు చెప్పెను. చెప్పి, చెల్లెలి పక్కన మెట్టుపై కూర్చుండి, ఆమె పలకమీద దిద్దిన తొలి అక్షరమును చూచెను. పాప కొంతసేపు అలిగి, పిమ్మట పలకను అతని ఒడిలో పెట్టెను.

నదికావల గుట్టమీద పొగ ఇంకను సన్నగా లేచుచునే యుండెను. అక్కడ ఎవరో కావలివారు పచ్చికొమ్మలు చేతబూని, ఎండలో, ఎవరో విడిచిపోయిన నిప్పును మోదుచుందురు. దిగువనున్న ఒడ్డున మాత్రము ఆనాడు పొగ లేవలేదు. ఆ తుమ్మచెట్టు నిలిచినది. గడ్డిదుబ్బులోని పిట్టగూడు నిలిచినది. ఆ సంగతి ఏ పిట్టకును తెలియదు. ఏ పుస్తకమునను వ్రాయబడదు. జరుగని ఆపదకు సాక్షులుండరు. అయినను నీటిదారిన పోవువారు దిగినచోట నిప్పును చల్లార్చి, తడిబూడిదపై చేయిపెట్టి చూచి, అప్పుడే పడవనెక్కవలెను. ఒడ్డు తమది కాదు. తరువాత వచ్చువానిది కూడ.